తలకిందుల ఛాంపియన్: ఎడమ చెయ్యి చేసిన పని

కిందటి వారం నన్ను నేను గాల్లోనే వదిలేశాను. ముందు అక్కణ్ణుంచి దిగనివ్వండి, తర్వాత మాట్లాడుకుందాం.

కొత్తగా చదివేవాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. నా పేరు టిరో. దక్షిణాఫ్రికాలో బ్రిట్స్ ఊరి బయట, కొండల కింద, బొమ్మ హెలికాప్టర్లు ఎగరేసే మా క్లబ్బు ఉంది. అందులో ఛాంపియన్ని నేనే. రిమోట్ నా చేతిలో ఉంటే బొమ్మ తలకిందులుగా నిలబడుతుంది, రెక్కలతో గడ్డి కోస్తుంది. "అసలు హెలికాప్టర్ ఇంతకన్నా తేలిక, అందులోవాడు ఊరికే కూర్చుంటాడు అంతే" అని నేను ఏడాది పొడుగునా కోసిన కోతలు భరించలేక, క్లబ్బువాళ్ళంతా కలిసి నా పుట్టినరోజుకి పక్కనే ఉన్న ఫ్లయింగ్ స్కూల్లో ఒక పాఠం కానుకగా ఇచ్చారు. నిజం హెలికాప్టర్లో, నిజం పాఠం. నేర్పింది ఒరాటిలే అక్క. ఎడమ చేతి కింద ఒక కర్ర, మోకాళ్ళ మధ్య ఇంకో కర్ర, పాదాల కింద పెడల్స్. మొదటి పాఠంలో వీటిలో ఒక్కొక్కటే చేతికివ్వాలి, అది ఆ స్కూలు పద్ధతి. నేను బతిమాలి, గొప్పలు చెప్పి, మూడూ ఒకేసారి ఇప్పించుకున్నాను. ఆ తర్వాత భూమి ఊగింది, మిషన్ పక్కకి ఒరిగింది, మేం మనిషెత్తు దాటి పైకి లేచాం. అక్కడ ఆపాను.

ఇప్పుడు వినండి.

ధడేల్‌మని నేల తగిలింది. పళ్ళు పళ్ళు కొట్టుకున్నాయి. వెన్నుపూస మొత్తం ఒక మెట్టు కిందికి జారినట్టయింది. తలమీద రెక్కలు ఇంకా తిరుగుతున్నాయి గానీ, ఆ చప్పుడులో జోరు లేదు. మమ్మల్ని కప్పిన గాజు బుడగ చుట్టూ ఆగస్టు చలికాలపు ఎండుగడ్డి దుమ్ము లేచి, మెల్లగా కూర్చుంటోంది.

మొదటి మాట ఒరాటిలే అక్కదే.

"నడుం ఎలా ఉంది? కాలివేళ్ళు కదుపు."

"బానే ఉన్నానక్కా."

"మెడ తిప్పు. అటు కూడా. నొప్పుందా?"

"లేదు." ఊపిరి తీసుకున్నాను. తీసుకుని, అడిగాను. "ఏమైందక్కా?"

ఏమైందో నాకు తెలుసు.

మా క్లబ్బులో చేరినవాడికి ఎగరేయడం కంటే ముందు నేర్పేది ఒకటుంది. రిమోట్‌కి ఎడమవైపు పైన చిన్న స్విచ్. బొమ్మ ఎటు పోతోందో అర్థం కాలేదా, ఆలోచించకు, స్విచ్ కొట్టు. మోటార్ ఆగిపోతుంది, బొమ్మ రాయిలా పడుతుంది. పడనీ. పోయేది ప్లాస్టిక్కే, ఎవరి మొహమూ కాదు. "అనుమానమొస్తే ఆపెయ్!" కొత్తవాళ్ళ చేత ఈ మాట గొంతు పోయేలా అనిపించేది నేనే.

ఎక్కేముందు ఒరాటిలే అక్క స్పష్టంగా చూపించింది. ఎడమ చేతి కర్ర చివరి పిడి మోటార్‌సైకిల్ పిడిలా తిరుగుతుంది, అది థ్రాటిల్. "దాని సంగతి మిషనే చూసుకుంటుంది. నువ్వు కోడిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకో చాలు. పిసక్కు. తిప్పకు." సరే సరే అని నవ్వాను కూడా. కానీ భూమి ఊగేసరికి నా ఎడమ చెయ్యి నన్నేమీ అడగలేదు. పిడి పూర్తిగా తిప్పేసింది. పడనీ, ప్లాస్టిక్కే కదా అన్నట్టు. ఆ పడేదాంట్లో నేనున్నాను, నా పక్కన ఇంకో మనిషి ఉంది. చేతికి ఆ సంగతి తెలీదు. అది చిన్నప్పట్నుంచీ బయట నిలబడే ఎగరేసింది.

అదీ అయింది. తెలిసి కూడా "ఏమైందక్కా" అని అడిగాను.

ఒరాటిలే అక్క తన వైపు పిడిని కొంచెం తెరిచింది. ఇంజన్ టక్కున లేచి గుర్రుమంది, ఏ జబ్బూ లేని గొంతుతో. మళ్ళీ తగ్గించింది.

"జోరు పోయింది," అంది. అని నా ఎడమ చెయ్యి వైపు చూసింది.

అది నా తొడ కింద ఉంది. నేనే దాచుకున్నానని అప్పటిదాకా నాకే తెలీదు.

*

రెక్కలు పూర్తిగా ఆగేదాకా చూడ్డానికొచ్చిన మా క్లబ్బువాళ్ళెవరూ నేలమీద గీసిన హద్దు గీత దాటలేదు, ఆ అలవాటు అందరి ఒంట్లోనూ ఉంది. ఆగీ ఆగగానే మడత కుర్చీలు తన్నుకుంటూ పరిగెత్తుకొచ్చారు.

"బతికే ఉన్నాడ్రోయ్!"

"గాల్లో ఇంజన్ పోయిందంట! మనోడు కిక్కురుమనలేదంట!"

"ఎలా అంటాడు, నాలుక మింగేసుంటాడు."

"ముందు ప్యాంటు చూడండ్రా, ఆరిందో లేదో."

ఒకటే నవ్వులు. ఎవరో నా జుట్టు చెరిపారు, ఎవరో వీపు మీద చరిచారు, ఎవరో ప్లేటు చేతిలో పెట్టారు. వేడి వేడి మొక్కజొన్న ముద్ద, నిప్పుల మీద కాల్చిన సాసేజి, పక్కన మామిడికాయ అచార్. నేను తిన్నాను. ఇది కూడా చెప్పాలి. ఆకలేసింది, తిన్నాను, అచార్ ఇంకొంచెం వేయించుకున్నాను.

"లోపల ఎలా ఉందిరా?" అన్నారు.

"ఒక్కసారిగా చప్పుడు పోయింది," అన్నాను. ఇది నిజమే కదా. "అక్క అందుకుంది." ఇదీ నిజమే. "నేను మాత్రం కదల్లేదు."

ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలీదు. వచ్చేసింది. "చూశావా, అదీ ఛాంపియన్ అంటే" అని ఒకాయన తన కూతురికి నన్ను చూపించాడు. ఆ పిల్ల నన్ను అలా కళ్ళప్పగించి చూస్తుంటే ప్లేటులోకి తలొంచుకున్నాను.

పరిగెత్తుకు రానివాడు ఒక్కడే. ఊమ్ ఫానీ. మా క్లబ్బు పెట్టింది ఆయనే. సగం బ్రిట్స్ పళ్ళు పీకిన డెంటిస్టు, ఇప్పుడు రిటైరయ్యాడు. మేమందరం ఆయన్ని ఊమ్ అనే పిలుస్తాం, పెదనాన్నని పిలిచినట్టు. ప్రిటోరియా స్కూల్నుంచి సెలవులకొచ్చిన నాకు మొదటి రిమోట్ చేతిలో పెట్టిందీ, ఆ స్విచ్ చూపించిందీ ఆయనే. నిప్పుల దగ్గర నిలబడి పటకారుతో సాసేజీలు తిప్పుతున్నాడు.

"తిన్నావా?"

"తిన్నాను ఊమ్."

"ముందు ఇంజన్ చప్పుడు టక్కున పోయింది టిరో. ఆ తర్వాతే ముక్కు తిరిగింది."

"ఇంజన్ పోతే అలాగే..."

"ఆ చప్పుడు నేను ప్రతి శనివారం వింటాను. ఏదైనా తేడా వచ్చి నువ్వు స్విచ్ కొడతావే, అచ్చం అదే." నా మొహం చూడలేదు. ఒక సాసేజిని అనవసరంగా ఇంకోసారి తిప్పాడు. "ఏమోలే, ముసలాణ్ణి. చెవులు మునుపట్లా లేవేమో."

ఆయన నా కోసం తలుపు తీసి పట్టుకున్నాడు. ఇంత వయసు మనిషి, తన చెవుల్నే తప్పుపట్టుకుని, నేను లోపలికొచ్చి నిజం చెప్పడానికి దారిచ్చాడు.

నేనేమన్నానో తెలుసా?

"గాలి ఎక్కువగా ఉంది కదా ఊమ్. సరిగ్గా వినపడుండదు."

"అంతే అయ్యుంటుంది," అన్నాడు ఊమ్ ఫానీ.

*

హెలికాప్టర్లు పెట్టే హ్యాంగర్లోకి పిలిచారు. స్కూలు మారీటా గారిది. అందరూ టానీ అంటారు, అంటే పిన్ని. పొట్టి మనిషి, ఎండకి కమిలిన మొహం, చెవులకి పెద్ద పెద్ద రింగులు. ఈ చుట్టుపక్కల హెలికాప్టర్ నేర్చుకున్న ప్రతివాడూ ఆవిడ చేత చెవులు మెలి తిప్పించుకున్నవాడే. ఆవిడ ఎదురుగా మెకానిక్ సెయబేలో. ఇస్త్రీ చేసిన ఓవరాల్, సెంటు వాసన, బుగ్గమీద మాత్రం గ్రీజు గీత. ఒరాటిలే అక్క గోడకి ఆనుకుని ఉంది.

"నిన్న ఇంజన్ మీద చెయ్యి వేసింది నువ్వేగా?" అంటోంది మారీటా గారు.

"నేనే టానీ. రేపూ నేనే వేస్తా. ఈ చేతులు బంగారం."

"బంగారు చేతులు చేసే పని ఇదేనా? పుట్టినరోజు పిల్లాడు ఎక్కితే ఇంజన్ పడిపోవడం?"

"అది పడలేదు! ఇప్పుడే స్టార్ట్ చేసి చూశా, పెళ్ళిలో మేనత్తలా పాడుతోంది. తనంతట తాను పడిన ఇంజన్ తనంతట తాను లేచి కూచోదు. ఎవరిదో చెయ్యి పిడి తిప్పింది."

"ప్రతి మెకానిక్కూ ముందు పైలట్ చెయ్యి అనే అంటాడు."

"ప్రతి పైలట్టూ ముందు మెకానిక్ అనే అంటాడు కాబట్టి!"

మారీటా గారు నవ్వలేదు. "కారణం తెలిసేదాకా ఈ మిషన్ ఎగరదు. నువ్వు కూడా ఇంకో మిషన్ ముట్టుకోవు. పానాలు అక్కడ పెట్టి ఇంటికెళ్ళు."

సెయబేలో జేబులో పానాలు తీసి బల్లమీద పెట్టాడు. అంతసేపూ అరిచినవాడు ఒక్కసారి చిన్నవాడైపోయాడు.

అప్పుడు ఒరాటిలే అక్క నా వైపు చూసింది. అడిగినట్టు కాదు, కోప్పడినట్టూ కాదు. రోడ్డు దాటేటప్పుడు వెనకబడిన పిల్లాడి కోసం పెద్దవాళ్ళు ఆగుతారే, అలా ఆగింది. నేను నేలకేసి చూశాను. నా బూట్ల పక్కన నూనె మరక ఒకటుంది. అది ఆవులా ఉందా, అవతలి వైపు నుంచి చూస్తే ఆఫ్రికాలా ఉందా అని ఆలోచించాను. ఒట్టు, అదే ఆలోచించాను.

"టానీ, ఆ చెయ్యి నాది," అంది ఒరాటిలే అక్క.

"నీదా?"

"అబ్బాయి మరీ పైకి లేపేశాడు. కంగారుగా అందుకున్నాను. పిడి తిరిగిపోయింది."

"నువ్వు? కంగారు?"

"నేనే."

మారీటా గారు ఆమె వైపు పూర్తిగా తిరిగింది. "సోమవారం ఎక్కడికెళ్తున్నావో గుర్తుందా?"

సోమవారం సంగతి మా అందరికీ తెలుసు. అటు తూర్పున పైన్ అడవుల్లో మంటలార్పే హెలికాప్టర్ల దళం ఉంది, అందులో ఉద్యోగానికి ఒరాటిలే అక్క పరీక్ష సోమవారమే. దానికోసం ఆమె వారమంతా ఇక్కడ నేర్పుతూ, ఆదివారాలు కూడా మిషన్లు కడుగుతూ, ఎన్నో ఏళ్ళుగా ఎదురుచూస్తోంది.

"పొగలో, కింద నీళ్ళ బకెట్ వేలాడుతుంటే, చెట్ల నెత్తిమీద నిలబడాలి. అక్కడ కూడా కంగారుగా అందుకుంటావా?"

"అందుకోను టానీ."

"వాళ్ళు నాకు ఫోన్ చేస్తారు. ఆ అమ్మాయి చేతులెలాంటివి అని అడుగుతారు. ఏం చెప్పమంటావ్?"

"మీకేం అనిపిస్తే అదే చెప్పండి."

సెయబేలో చేతిలో గుడ్డ బల్లమీదకి విసిరేశాడు. "ఇంతకీ నా బంగారు చేతులకి సారీ ఎవరు చెప్తారు?" అని చూశాడు. ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాడు ఆవు బొమ్మ చూసుకుంటున్నాడు.

*

ఒరాటిలే అక్క వెనకాలే పరిగెత్తాను. మేం పడిన మిషన్ రెక్క కదలకుండా తాడు కడుతోంది.

"ఎందుకలా చెప్పావక్కా?"

"ఎవరో ఒకరు చెప్పాలిగా."

"నీకు మొదట్నుంచీ తెలుసా?"

"నీ పక్కనే కూర్చున్నాను టిరో. రెండు పిడులూ కలిసే తిరుగుతాయి. నువ్వు తిప్పింది నా అరచేతి కింద తిరిగింది." తాడు ముడి బిగించింది. "విను. నీ చెయ్యి తిప్పినందుకు నాకు కోపం లేదు. మొదటిరోజు అందరి చేతులూ ఏదో ఒకటి చేస్తాయి. నేనైతే నేర్పేవాడి ప్యాంటు మీద కక్కాను. మేం పక్కన కూర్చునేదే దానికోసం. కానీ నువ్వు, 'ఏమైందక్కా' అన్నావు చూడు. కిందికొచ్చాక. బానే ఉన్నానని చెప్పి, ఊపిరి తీసుకుని, నిదానంగా. అది చెయ్యి చేసిన పని కాదు."

నాకు ఏడుపొస్తే బావుండును. రాలేదు. మొహం మాత్రం నిప్పుల దగ్గర నిలబడ్డట్టు మండింది.

"ఇప్పుడే వెళ్ళి టానీకి చెప్పేస్తా."

"చెప్పి?"

"నీ మీద తప్పు లేదని..."

"తప్పు చేస్తే టానీ తిట్టి టీ పోస్తుంది. అబద్ధమాడితే గుమ్మం చూపిస్తుంది. నేను నీ కోసం ఆగినప్పుడు నువ్వు నోరు తెరిస్తే నిజం ఒక్కటే ఉండేది. ఇప్పుడు నా అబద్ధం కూడా ఉంది. నువ్వెళ్ళి చెప్పి శుభ్రమైపోతావు. నేను?"

ఆమె నా వెనక దేన్నో చూసి "అయ్యో" అంది.

తిరిగి చూశాను. ఊమ్ ఫానీ నిప్పులు వదిలేసి, టోపీ తీసి చేత్తో పట్టుకుని, హ్యాంగర్ వైపు నడుస్తున్నాడు. ఎవరింటికైనా చెడ్డ కబురు తీసుకెళ్ళేటప్పుడు నడిచే నడక. ఆయన చెవులు బాగానే ఉన్నాయి, ఆ సంగతి ఆయనకీ తెలుసు. వెళ్ళి ఏం చెప్తాడో కూడా నాకు తెలుసు. ఆ పిల్లాడికి ఆ అలవాటు నేర్పింది నేనే, తప్పు నాది అంటాడు. ఇంకో మనిషి నా పని నెత్తినేసుకుంటాడు.

నేను పరిగెత్తాను. ఒరాటిలే అక్క నా పేరు పిలిచింది. ఆగలేదు.

మారీటా గారు కప్పులో రూయ్‌బోస్ టీ పోస్తోంది. ఊమ్ ఫానీ కూర్చోకుండా నిలబడి "మారీటా, ఆ చప్పుడు గురించి..." అని మొదలుపెట్టాడు.

"నేనే!" అన్నాను.

కేకలా వచ్చింది. సెయబేలో మూల నుంచి తల తిప్పాడు.

"నేనే తిప్పాను. నా ఎడమ చెయ్యి. భయమేసింది, బొమ్మని ఆపినట్టు ఆపేశాను. తర్వాత ఏమైందని అక్కని అడిగిందీ నేనే. ఇందాక ఇక్కడ నిలబడి నోరు మూసుకుందీ నేనే. సెయబేలో అన్నా, నిన్ను ఇంటికెళ్ళమంటుంటే వింటూ నిలబడ్డాను. ఊమ్, గాలేం లేదు. మీకు సరిగ్గానే వినపడింది."

అంతా అయిపోయాక ఎంత హాయిగా అనిపించిందంటే, ఎండలో నడిచొచ్చి చల్లటి నీళ్ళు తాగినట్టు. భుజాలు తేలికయ్యాయి. అప్పుడు గుమ్మంలో ఒరాటిలే అక్క కనిపించింది. నా భుజాల మీంచి దిగిన బరువు ఎక్కడికెళ్ళిందో ఆమె మొహంలో చూశాను. ఆ హాయి ఇంకా గొంతులో చల్లగానే ఉంది, అదే అన్నిటికన్నా సిగ్గనిపించింది.

"నాతో అబద్ధమాడావ్," అంది మారీటా గారు. ఆ మాట అన్నది నన్ను కాదు, ఒరాటిలే అక్కని.

"అవును టానీ."

"వీడి కోసమా?"

ఒరాటిలే అక్క తల అడ్డంగా ఊపింది. "వీడి కోసమని నాకు నేను చెప్పుకున్నాను. కాదు. మొదటి పాఠంలో మూడూ చేతికిచ్చేశాను. పిడి తిప్పింది వీడే అని తెలిస్తే, అసలు వీడి చేతికి ఏమేమిచ్చావని మీరు అడుగుతారు. అది మీకు తెలియకూడదనుకున్నాను. సోమవారం దాకా."

ఇది నేను అనుకోలేదు. ఊమ్ ఫానీ కూడా అనుకోలేదు, టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

మారీటా గారు టీ మొత్తం తాగింది. తొందరేమీ లేకుండా కప్పు కింద పెట్టింది.

"సెయబేలో, నువ్వు పానాలు తీసుకో. నా నోరు తొందరపడింది, సారీ." ఆ మాట అంత తేలిగ్గా అనొచ్చని నాకు అప్పటిదాకా తెలీదు. "రెండో మిషన్ ఎగరడానికి సిద్ధంగా ఉందా?"

"ఉంది టానీ."

"ఒరాటిలే, అబ్బాయిని ఎక్కించు. మూడూ వీడి చేతికివ్వు."

"మారీటా! మతిపోయిందా నీకు?" అన్నాడు ఊమ్ ఫానీ.

"నువ్వు పళ్ళు పీకేటప్పుడు నేను అడ్డొచ్చానా ఫానీ? కూర్చో." నా వైపు తిరిగింది. "మోకాలెత్తు. అంతకంటే ఒక్క అంగుళం లేచినా నేనే వచ్చి చెవులు పీకుతా. అక్కడ నిలబడ్డాక పిడి తిప్పు. ఈసారి కావాలనే. ఎప్పుడనేది నీ ఇష్టం, తనకి చెప్పకు, సైగ చెయ్యకు. నీ చెయ్యి తిప్పేలోపు తన చెయ్యి అడ్డుకోవాలి. అడ్డుకుంటే సోమవారం వెళ్తుంది, వాళ్ళకి ఫోన్లో నేను చూసింది చెప్తా. అడ్డుకోలేకపోతే, అది కూడా చూసిందే చెప్తా."

"నా వల్ల కాదు టానీ."

"అడక్కుండా చేసిన పని, అడిగితే చెయ్యవా?"

*

మా క్లబ్బువాళ్ళ కుర్చీల ముందు నుంచే నడిచి వెళ్ళాలి. అప్పటికే అందరికీ తెలిసిపోయింది, హ్యాంగర్లో అరిచిన అరుపుకి ఎవరికి వినపడదు? ఒక్కరూ నవ్వలేదు. ప్యాంటు సంగతి ఎవరూ ఎత్తలేదు. నన్ను కూతురికి చూపించినాయన గిన్నెలు సర్దుకుంటున్నాడు. ఎవరైనా ఒక్క ఎగతాళి మాటంటే చాలు, వాళ్ళ కాళ్ళ మీద పడాలనిపించింది.

బెల్టు పెట్టుకున్నాం. హెడ్‌సెట్‌లో ఒరాటిలే అక్క గొంతు మామూలుగా ఉంది. పాఠం చెప్పే గొంతు. పైకి లేపింది, మిషన్ మోకాలెత్తున నిలబడింది, ఎదురుగా గడ్డిలో మారీటా గారు చేతులు కట్టుకుని, జుట్టు చెదిరిపోతున్నా కదలకుండా నిలబడింది.

"నీ చేతికిస్తున్నాను."

"తీసుకున్నానక్కా."

మిషన్ ఊగింది. కాస్త ముందుకి, కాస్త పక్కకి, తాగినవాడిలా. ఈసారి నేను కొండల్ని చూస్తూ పట్టుకున్నాను, దగ్గర నేలని చూడలేదు. నిలబడింది! అధ్వానంగా నిలబడింది గానీ నిలబడింది. ఆ క్షణంలో కూడా సంతోషం లాంటిదేదో రాబోయింది, దాన్ని లోపలికి తోసేశాను.

ఇక తిప్పాలి. ఒరాటిలే అక్క కర్ర ఆమెకి అవతలి పక్కన ఉంది, ఆమె ఎడమ చెయ్యి దానిమీద ఉందో లేదో నాకు కనపడదు. ఒక్క దగ్గు దగ్గితే చాలు, ఆమెకి తెలిసిపోతుంది. సోమవారం వెళ్తుంది. ఎవరికీ ఏమీ నష్టం లేదు. నేను ఆమెకి బాకీపడ్డదాంట్లో కొంచెమైనా తీరుతుంది.

"దగ్గకు," అంది హెడ్‌సెట్‌లో.

దగ్గబోయిన నోరు మూసుకున్నాను.

"గొంతు సవరించుకోకు. నా వైపు జాలిగా చూడకు. ఇంకో అబద్ధంతో నాకు ఉద్యోగం ఇప్పించావంటే, జన్మలో నీతో మాట్లాడను."

"సరే అక్కా."

సరే అన్నాను, ఈసారి నిజంగానే అన్నాను. కొండల్ని చూశాను. లోపల ఎవరికీ వినపడకుండా ఒకటి, రెండు అనుకుని, రెండు దగ్గరే మనసు మార్చుకుని, మళ్ళీ మొదలుపెట్టకుండా అక్కడికక్కడే, ఇప్పుడే అనుకున్నాను. ఈసారి చెయ్యి నన్ను అడిగింది. నేను సరేనన్నాను. వేళ్ళు బిగిశాయి, మణికట్టు కదిలింది.

సరిగ్గా అప్పుడే హెడ్‌సెట్‌లో గరగరమంది. ఒరాటిలే అక్క ఏదో చెప్పబోతోంది, మాట తెగిపోతోంది. మైకు సర్దుకోవడానికి ఒక చెయ్యి నోటి దగ్గరికి లేచింది. కంటి చివర్నుంచి చూశాను.

అది ఆమె ఎడమ చెయ్యి, నన్ను అడ్డుకోవడానికి పిడి మీద ఉండాల్సిన చెయ్యి. నా పిడి అప్పటికే తిరుగుతోంది.